సుత్తి ఒక ఆదివారం, మేకులు మరో ఆదివారం

ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి ఆగేదాకా నేను సుత్తి గురించి మాట్లాడినంతగా ఇంకే వస్తువు గురించీ ఎప్పుడూ మాట్లాడలేదు. బంగారం గురించి కాదు, బట్టల గురించి కాదు, ఆఖరికి మా ఆయన గురించి కూడా కాదు. ఇప్పటికీ ఎవరైనా సుత్తి అంటే నా చెవులు వేడెక్కుతాయి.

మేం కొత్తగా కొన్న ఇంట్లో దిగిన మొదటి ఆదివారం అది మొదలైంది. రెండో అంతస్తు, రెండు గదులు, వంటగది, వీధి వైపు బెత్తెడు వరండా. పడకగది కిటికీకి తెర లేదు. ఎదుటి మేడ మీద ఒక పెద్దాయన బనీనుతో కసరత్తు చేస్తూ, చేతులు పైకెత్తినప్పుడల్లా నేరుగా మా మంచం వైపే చూస్తున్నాడు. తెర కట్టాలంటే గోడకు రెండు మేకులు కొట్టాలి. మేకులు కొట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని అన్ని మూటలూ విప్పి చూశాను. మంచం తెచ్చుకున్నాం, బీరువా తెచ్చుకున్నాం, కాలు విరిగిన స్టూలు కూడా వదలకుండా తెచ్చుకున్నాం. సుత్తి మాత్రం లేదు.

"ఏవండీ, ఈ మేకు దేంతో కొట్టమంటారు?" అన్నాను.

మా ఆయన చదువుతున్న పేపరు మడిచి చటుక్కున లేచాడు. "అన్నయ్య దగ్గర ఉందిగా! ఉండు, ఇలా వెళ్ళి అలా తెచ్చేస్తా."

తల దువ్వుకున్నాడు. మంచి చొక్కా వేసుకున్నాడు. సుత్తి తేవడానికి మంచి చొక్కా ఎందుకని అప్పుడే అడగాల్సింది, నాకు తట్టలేదు. ఇలా వెళ్ళిన మనిషి దీపాలు వేసే వేళకు గానీ రాలేదు. అప్పటికి నేను చెప్పు మడమతో కొట్టి చూశాను. మేకు వంగింది, సున్నం రాలింది, చెప్పు మడమ ఊడింది. ఎదుటి మేడ పెద్దాయన ఇదంతా చూసి జాలిగా తల ఆడించాడు.

మా బావగారు మోటార్లు చుడతారు. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ లాగేసి, కొత్త తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేస్తారు. వాళ్ళింటి ముందు గదే ఆయన కొట్టు. అందులో ఒక గోడ మొత్తం పనిముట్లకే ఇచ్చేశారు. సుత్తులు చిన్న నుంచి పెద్ద దాకా వరసగా, తర్వాత పానాలు, స్క్రూడ్రైవర్లు, రంపాలు, ఆకురాళ్ళు. ప్రతిదానికీ ఒక మేకు, దాని చుట్టూ ఆ పనిముట్టు ఆకారంలో నల్లరంగు గీత. ఏది తీసినా ఖాళీ గీత ఎదురుగా కనబడుతుంది కాబట్టి ఎవరూ ఏదీ మాయం చెయ్యలేరు. మా ఆయన బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసే గుమాస్తా. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బల్బు మార్చాలన్నా అన్నగారే మార్చేవారు.

విడిగా ఉందామన్న మాట ఎత్తింది నేనే. అక్కయ్యకూ నాకూ, అంటే మా తోడికోడలికీ నాకూ, ఏ గొడవా లేదు. గొడవ పడదామన్నా ఆ వంటగదిలో ఇద్దరం ఎదురుబొదురుగా నిలబడే చోటు లేదు. అది మా ఇద్దరికీ అర్థమైంది గానీ అన్నదమ్ములకు అర్థం కాలేదు. సామాను వ్యాను ఎక్కిస్తుంటే వాకిట్లో మాటామాటా పెంచుకున్నారు.

"మేకు కొట్టడం రానివాడివి, ఇల్లేం నిలబెడతావురా?" అన్నారు బావగారు.

"రాకపోతే నేర్చుకుంటా. ఇక మీదట పని ఉంటేనే నీ గడప తొక్కుతా. పని లేకుండా తొక్కితే అప్పుడు అడుగు."

"అలాగే. పని ఉంటేనే రా."

వ్యాను బయల్దేరింది. అక్కయ్య నా చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టి, వాళ్ళిద్దరి వైపూ చూసి, నుదురు కొట్టుకుంది.

ఆ మొదటి ఆదివారం సుత్తి వచ్చింది. చూస్తే మా గోడ సిమెంటు గోడ, ఇంట్లో ఉన్న మేకులన్నీ వంగిపోయాయి. గట్టి మేకులు అన్నయ్య దగ్గర ఉన్నాయట, వచ్చే ఆదివారం ఇస్తానన్నాడట. మరుసటి ఆదివారం గట్టి మేకులు వచ్చాయి, కానీ సుత్తి అప్పటికే తిరిగి వెళ్ళిపోయింది. ఆ పై వారం, ఇది మేకులతో అయ్యే పని కాదు, డ్రిల్లు పెట్టాలి అని తేలింది. డ్రిల్లు వచ్చింది. పెట్టె విప్పి చూస్తే గోడకు కన్నం పెట్టే బిట్టు లేదు.

"బిట్టు లేకుండా డ్రిల్లు దేనికండీ? గోడకు చూపించి భయపెట్టడానికా?"

"అన్నయ్య మర్చిపోయినట్టున్నాడు. ఆదివారం తెస్తా."

"బిట్లు డ్రిల్లు పక్కనే ఉంటాయి ఆ గోడ మీద! మీ అన్నయ్య ఆ గోడ మీది గుండుసూది కూడా మర్చిపోడు. మనకు పూర్తిగా ఇవ్వడం ఇష్టం లేక ఇలా ఆడిస్తున్నాడు."

"ఛ, అన్నయ్య అలాంటివాడు కాదు" అన్నాడు మా ఆయన. బిట్టు లేని డ్రిల్లును పసిపాపలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. రోజంతా ఆవగింజంత స్క్రూలు బిగించడమే నా పని. ముక్కు దగ్గర దిమ్మలు, చెవి దగ్గర బందులు, అద్దం పట్టి ఉంచే చిన్న మరలు, ఏది వదులైనా నా బల్ల మీదికి వస్తుంది. అలాంటిదాన్ని, నా ఇంట్లో నా కిటికీకి నేను తెర కట్టుకోలేకపోతున్నాను. షాపు స్క్రూడ్రైవరు తెచ్చి తలుపు బందు మీద ప్రయత్నిస్తే దాని మొన విరిగింది. మా యజమాని మొహం ముడుచుకున్నాడు. ఆ రోజే సాయంత్రం తిన్నగా ఇనప సామాను కొట్టుకు వెళ్ళాను.

కొట్లో ఉన్నావిడ బల్ల మీద మోచేతులు ఆనించి నన్ను పైకీ కిందికీ చూసింది. "కొత్త ఇల్లా?"

"ఎలా తెలిసిందండీ?"

"ఏదో ఒకటి అడక్కుండా అన్నిటివైపూ చూస్తున్నావు. మీవారు రాలేదా?"

"మావారికి అన్నయ్య ఉన్నాడండీ" అన్నాను.

ఆవిడకు ఏం అర్థమైందో గానీ, పకపకా నవ్వి ఒక సుత్తి తీసి బల్ల మీద పెట్టింది. చెక్క పిడి, పిడి చివర ఎర్ర పట్టీ. చేతిలోకి తీసుకుంటే బరువు సరిగ్గా కుదిరింది. వానలో దాన్ని సంచిలో పెట్టుకుని నడుస్తుంటే, చెప్తే నవ్వుతారు గానీ, ఇల్లు కొన్న రోజు కలగని సంతోషం కలిగింది.

ఇంటికొచ్చి చూపిస్తే మా ఆయన మొహం మాడిపోయింది. "ఎందుకు కొన్నావు? అన్నయ్య దగ్గర ఉందిగా!"

"అన్నయ్య దగ్గర ఉంటే మన ఇంట్లో ఉన్నట్టా?"

ఆ ఆదివారం నేను స్నానం చేసి వచ్చేసరికి మనిషీ లేడు, సుత్తీ లేదు. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. పిడి బిగింపు సరిగ్గా ఉందో లేదో అన్నయ్యకు చూపించాడట. అన్నయ్య ఒక వారం ఉంచమన్నాడట.

"ఏం, జ్వరమా దానికి? ఒక వారం ఉంచి చూడ్డానికి?"

"పిడి ఊడి ఎవరి నెత్తి మీదైనా పడితే?"

"పడనివ్వండి. ఎవరి మీద పడాలో నాకు తెలుసు."

వారం కాస్తా ఇంకో వారమైంది. సుత్తి రాలేదు. బయట ఒకటే వాన. తలుపులు ఉబ్బి మూసుకోవడం మానేశాయి, వంటింటి కుళాయి కారుతోంది, వరండా తలుపు గడియ అందక గాలికి టపటపా కొట్టుకుంటోంది. అన్నిటికీ ఒకటే మంత్రం, ఆదివారం అన్నయ్య దగ్గర నుంచి తెస్తా. నాకు విసుగు పుట్టింది. జీతం వచ్చిన రోజున మళ్ళీ ఆ కొట్టుకు వెళ్ళి ఒక ఎర్ర రేకు పెట్టె కొన్నాను. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, పానాలు, కొలత టేపు, చిన్న రంపం, డ్రిల్లు, దాని బిట్లు, మేకులు, గోడ ప్లగ్గులు, కుళాయి వాషర్లు, అన్నీ అందులోకి చేరాయి. సుత్తి మాత్రం ఇంకోటి కొనలేదు. నా సుత్తి నాకుంది, అది ఎక్కడుందో కూడా తెలుసు.

మర్నాడు షాపు నుంచి అటే బావగారింటికి వెళ్ళాను. గొడుగు ఉన్నా సగం తడిశాను. ఆయన మోటారు ముందు కూర్చుని తీగ చుడుతున్నారు. నన్ను చూసి లేచారు. నా భుజం మీదుగా వీధిలోకి చూశారు.

"తమ్ముడు రాలేదా అమ్మా?"

"లేదండి. నా సుత్తి కోసం వచ్చాను."

చెప్తూనే గోడ వైపు చూశాను. నా సుత్తి అక్కడుంది. సుత్తుల వరసలో, ఆయనవి రెండు జరిపి, మధ్యలో కొత్త మేకు కొట్టి తగిలించారు. దాని చుట్టూ కొత్తగా నల్లరంగు గీత కూడా గీశారు. అది చూశాక నాకు కోపం నషాళానికి అంటింది. మన వస్తువును ఎవరైనా దొంగిలిస్తే కేకలు పెట్టవచ్చు. ఇలా గోడ మీద పెట్టి ముగ్గేసినట్టు గీత గీసుకుంటే ఏమని అరవాలి?

"బావగారూ, మా ఇంటికి కావలసినవన్నీ కొనేశాను. డ్రిల్లు, బిట్లతో సహా. మీరింక ఆదివారాలు ఏవీ వెతికి ఇవ్వక్కర్లేదు. ఆయనకింక ఇక్కడికొచ్చే పని ఉండదు."

ఆయన చేతిలో తీగ చివర వదిలేస్తే చుట్టిందంతా ఊడిపోతుందని కాబోలు, దాన్ని జాగ్రత్తగా ఒక మేకుకు చుట్టి, సుత్తి తీసి నా చేతికిచ్చారు.

"పిడి బాగానే ఉందమ్మా. నూనె పెట్టాను" అన్నారు.

అక్కయ్య లోపల నుంచి టీ తెస్తూ గుమ్మంలో ఆగిపోయింది. ఆమె మొహం చూసి కూడా నేను ఆగలేదు. టీ తాగకుండానే వచ్చేశాను.

ఆ వారమే తెర కట్టాను. గడియ సరిచేశాను. కుళాయికి వాషరు మార్చాను. తలుపు అంచు కాస్త గీకి, బందులు బిగించాను. ఎదుటి మేడ పెద్దాయన తెర చూసి కసరత్తు అటు తిరిగి చెయ్యడం మొదలుపెట్టాడు. ఎర్ర పెట్టె వరండా మూల పెట్టాను. దాన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది.

ఆదివారం వచ్చింది. మా ఆయన పేపరు మూడుసార్లు చదివాడు. ఇల్లంతా తిరుగుతూ కుళాయి తిప్పి చూశాడు, గడియ వేసి తీశాడు, గోడ తట్టాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బాగున్నందుకు మనిషి సంతోషించాలి కదా. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. అడిగితే తలనొప్పి అంటాడు. వడ్డిస్తే సగం తిని లేస్తాడు. డిపోలో డ్యూటీలు తప్పుగా వేసి, ఒకే బస్సుకు ఇద్దరు డ్రైవర్లను పంపాడని పై ఆఫీసరు చేత చీవాట్లు కూడా తిన్నాడు. నేనేం తప్పు చేశానని ఈ ఇంటికి ఇంత మూగనోము పట్టిందో నాకు అంతు చిక్కలేదు. పెట్టె కొన్నాను, అంతేగా!

ఆ పైన వంటింటి అలమర తలుపు వేలాడింది. బందు స్క్రూలు వదులయ్యాయి. బిగించాను. కొన్నాళ్ళకు మళ్ళీ వేలాడింది.

"వానలు కదా, చెక్క ఉబ్బుతుంది" అన్నాడు మా ఆయన, అటు చూడకుండానే.

మళ్ళీ బిగించాను. ఈసారి షాపులో చేసే పని ఇంట్లో చేశాను. కళ్ళజోడు స్క్రూ మాటిమాటికీ వదులవుతుంటే, బిగించాక దాని తల మీద గోళ్ళ రంగు ఒక చుక్క వేస్తాం. ఆరాక అది స్క్రూను పట్టి ఉంచుతుంది. నా దగ్గరున్నది ముదురు ఎరుపు. బందు స్క్రూలన్నిటి మీదా తలా ఒక చుక్క వేశాను.

వారం తిరక్కుండా అలమర తలుపు మళ్ళీ వేలాడింది. కాలు సరిచేసుకున్న స్టూలు ఎక్కి చూశాను. ఎర్ర చుక్కలు నడిమికి చీలి ఉన్నాయి. తనంతట తాను వదులైన స్క్రూ మీద రంగు అలా చీలదు. కిందికి దిగి ఎర్ర పెట్టె తెరిచాను. పెద్ద స్క్రూడ్రైవరు తీసి వెలుతురుకు పట్టాను. దాని మొనకు గోళ్ళ రంగు పెచ్చు అంటుకుని ఉంది.

నేను ఆ స్టూలు మీదే కూర్చుండిపోయాను. లోపలి గదిలో మా ఆయన రేడియో తిప్పుతున్నాడు. ఒక్క స్టేషనూ నిలబెట్టడం లేదు.

దువ్విన తల, మంచి చొక్కా, మేకులు లేని సుత్తి, బిట్టు లేని డ్రిల్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆ ఇచ్చేవాడు ఎందుకలా అరకొరగా ఇచ్చాడో, ఈ తెచ్చేవాడు ఎందుకలా ఎదురు చెప్పకుండా తెచ్చాడో అప్పుడు తెలిసింది. తెలిశాక జాలి పడి ఉంటానని అనుకుంటున్నారేమో. లేదు, ముందు బాగా కోపమే వచ్చింది. బారెడు బారెడు మనుషులు. ఒకరికి తల నెరిసింది, ఒకరికి జుట్టు పలచబడింది. మధ్యలో నన్ను నెలన్నర పాటు ఎదుటి మేడ పెద్దాయనకు అప్పగించారు.

లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవరు ఆయన ముందు పెట్టాను.

"మీ అన్నయ్యను చూడాలని ఉందని చెప్పండి. నోరు తెరిచి చెప్పండి."

ఆయన దాని మొన చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నాకేం పని అక్కడ?"

"పని లేకపోతే వెళ్ళకూడదా?"

"అన్నాను కదా."

"ఎవరన్నారు? మీరే అన్నారు. మీరే వెనక్కి తీసుకోండి."

"అందరి ముందూ అన్నాను" అన్నాడు చాలా చిన్న గొంతుతో. రేడియో కట్టేసి, "వాడూ అన్నాడు, పని ఉంటేనే రమ్మని" అన్నాడు. అన్నయ్యను వాడు అనడం అదే మొదటిసారి విన్నాను. ఆ గొంతు విన్నాక ఇంక కోప్పడలేకపోయాను. విసుగు మాత్రం పోలేదు.

వరండాలోకి వెళ్ళి అక్కయ్యకు ఫోన్ చేశాను.

"అక్కయ్యా, మీ మరిది నా ఇంటి స్క్రూలు ఊడదీస్తున్నాడు."

అక్కయ్య గట్టిగా ఊపిరి విడిచింది. "ఇక్కడేం తక్కువ? ఆదివారం పొద్దున్నే కుర్చీ వీధి వైపు వేసుకుని కూర్చుంటారు. మోటారు ముట్టరు. ఆ గోడ మీద నీ సుత్తి గీత ఖాళీగా ఉందా, ఇంకోటి తగిలించవచ్చుగా అంటే వినరు. ఇదివరకు శనివారం రాత్రే చూసుకునేవారు, రేపు ఏది ఇవ్వాలి, ఏది ఆపాలి అని. నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వే రావట్లేదు."

"మరి నాకు ముందే చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు ఊరుకునేదానివా? మర్నాడే ఇద్దరినీ నిలబెట్టి కడిగేసేదానివి. అప్పుడింక ఏ మొహం పెట్టుకుని వస్తాడు?"

అదీ నిజమే. వాన చినుకులు వరండా కమ్మీ మీద టపటపా పడుతున్నాయి. నాకు ఒక సంగతి తట్టింది.

"అక్కయ్యా, ఆ రోజు వాకిట్లో మాట్లాడుకుంది మీ గడప గురించే కదా? మా గడప గురించి ఎవరూ ఏమీ అనలేదు."

అక్కయ్య "అనలేదు" అంది. "నేను అక్కడే ఉన్నాను. అసలు ఆ మాటే రాలేదు." ఇంకేమీ చెప్పకుండా ఫోన్ పెట్టేసింది.

ఆ ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చింది. నేను అలమర తలుపు మళ్ళీ బిగిస్తున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆగుతూ ఆగుతూ వచ్చి మా గుమ్మం దగ్గర నిలిచిపోయింది. తలుపు తీస్తే బావగారు. ఈ ఇంటికి ఆయన రావడం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, తల దువ్వుకున్నారు.

"అమ్మా, ఏం అనుకోకు. మీ దగ్గర సుత్తి ఉందటగా. ఒక చిన్న పని పడింది" అన్నారు.

ఆ గోడ మీద చిన్న నుంచి పెద్ద దాకా వరసగా ఉన్న సుత్తులు నా కళ్ళ ముందు మెదిలాయి. నోటి దాకా వచ్చిన మాట మింగేసి, "రండి బావగారూ, లోపలికి రండి" అన్నాను.

మా ఆయన పడకగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బనీను మీద ఉన్నాడు. చొక్కా కోసం ఒకసారి లోపలికి చూసి, మళ్ళీ అన్నగారి వైపు చూసి, అక్కడే ఉండిపోయాడు.

"సుత్తేనా?" అన్నాడు.

"ఆఁ, సుత్తే."

మా ఆయన వరండాలోకి వెళ్ళి ఎర్ర పెట్టె మోసుకొచ్చి గది మధ్యలో పెట్టి మూత తెరిచాడు. నా చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు నేను అందులో వేశాను. బావగారు వంగి చూశారు. పానాలు తడిమారు, డ్రిల్లు ఎత్తి బరువు చూశారు. "అన్నీ మంచివే తీసుకున్నావమ్మా" అన్నారు నాతో. తర్వాత తలెత్తి కిటికీ తెర చూశారు, గడియ చూశారు. వేలాడుతున్న అలమర తలుపు మీద చూపు ఆగింది గానీ దాని గురించి ఏమీ అడగలేదు.

మా ఆయన ఎర్ర పట్టీ సుత్తి తీసి రెండు చేతులతో అందించాడు. బావగారు తీసుకున్నారు. వెళ్ళకుండా దాన్ని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డారు.

"మేకులు ఉన్నాయారా?"

మేకులు పెట్టెలో పై అరలోనే ఉన్నాయి. పొట్లం కూడా కట్టలేదు, ముగ్గురం చూస్తూనే ఉన్నాం. మా ఆయన కాలితో మూత నెట్టాడు. అది టప్పున పడింది.

"మేకులు లేవు అన్నయ్యా" అన్నాడు. "వచ్చే ఆదివారం తెచ్చి ఇస్తా."

"సరే. గట్టివి చూసి తీసుకురా" అన్నారు బావగారు. అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. అలమర తలుపు సగంలో వేలాడుతోంది. బిగిద్దామంటే స్క్రూడ్రైవరు ఆ గదిలో, మూసిన పెట్టెలో ఉంది. వాళ్ళిద్దరూ ఆ పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు.

నా సుత్తి మళ్ళీ నా ఇంటికి రాలేదు.